ఇంగ్లండ్ క్లబ్‌ల మధ్య చేతులు మారే అనధికారిక టైటిల్: లెక్క మీరే కట్టడం ఎలా

2021 జనవరి 27 రాత్రి షెఫీల్డ్ యునైటెడ్ ఓల్డ్ ట్రాఫర్డ్‌కి వెళ్లి మాంచెస్టర్ యునైటెడ్‌ని 2-1తో ఓడించింది. అప్పటికి షెఫీల్డ్ ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో పై డివిజన్ అయిన ప్రీమియర్ లీగ్ టేబుల్‌లో అట్టడుగున ఉంది. అంతకుముందు ఆడిన 19 లీగ్ మ్యాచ్‌ల్లో గెలిచింది ఒకే ఒక్కటి. అధికారిక లెక్కలో ఆ గెలుపుకి దక్కింది మూడు పాయింట్లు. అవి వాళ్లని కాపాడలేదు, సీజన్ అయ్యేసరికి కింది డివిజన్‌కి పడిపోయారు. కానీ ఇంకో లెక్క ప్రకారం ఆ రాత్రి ఇంగ్లండ్ ఛాంపియన్ షెఫీల్డ్ యునైటెడ్.

ఆ లెక్క సూత్రం బాక్సింగ్‌లో ఉన్నదే. ఛాంపియన్‌ని ఓడించినవాడే కొత్త ఛాంపియన్. డ్రా అయితే టైటిల్ పాతవాడి దగ్గరే ఉంటుంది. 1966లో ప్రపంచ కప్ గెలిచిన ఇంగ్లండ్‌ని 1967 ఏప్రిల్ 15న వెంబ్లీలో స్కాట్లండ్ 3-2తో ఓడించినప్పుడు, ఇక ప్రపంచ ఛాంపియన్లం మేమేనని స్కాట్లండ్ అభిమానులు సంబరపడ్డారు. అదే ఆలోచనని క్లబ్‌లకి వర్తింపజేస్తే మన టైటిల్ వస్తుంది. ఇంగ్లండ్ క్లబ్ ఫుట్‌బాల్‌కి ఈ పద్ధతి మరీ పరాయిదేమీ కాదు. 1872లో మొదటి ఎఫ్ఏ కప్ (ఓడితే ఇంటికే అనే నాకౌట్ పోటీ) గెలిచిన వాండరర్స్ జట్టు, మరుసటి ఏడాది తిన్నగా ఫైనల్‌లోనే దిగింది. మిగతా జట్లన్నీ తమలో తాము ఆడి ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీని దాని మీదికి పంపాయి. వాండరర్స్ 2-0తో గెలిచి కప్ నిలుపుకుంది.

ఈ టైటిల్‌కి ట్రోఫీ లేదు, ఏ సంస్థా దీన్ని గుర్తించదు. కాబట్టి లెక్క ఎవరికి వాళ్లు కట్టుకోవాల్సిందే. ఒక ఎక్సెల్ షీట్, పాత ఫలితాలు, కొంచెం ఓపిక ఉంటే చాలు.

1. ముందు రూల్స్ రాసి పెట్టుకోండి

ఫలితాలు తెరవకముందే రూల్స్ రాయండి. ఫలితాలు చూస్తూ రూల్స్ రాస్తే, తెలియకుండానే మనకి ఇష్టమైన క్లబ్ వైపు మొగ్గిపోతాం. ఒకసారి రాశాక మధ్యలో మార్చకూడదు. మార్చాలనిపిస్తే మొదటి వరుస నుంచి మళ్లీ కట్టాలి.

అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న: ఏ మ్యాచ్‌లు లెక్కలోకి వస్తాయి? 2003-04 ఆర్సెనల్‌ని తీసుకోండి. లీగ్‌లో 38 మ్యాచ్‌లు, 26 గెలుపులు, 12 డ్రాలు, ఓటమి లేదు. కానీ అదే సీజన్‌లో ఆ జట్టు ఎఫ్ఏ కప్ సెమీఫైనల్లో మాంచెస్టర్ యునైటెడ్ చేతిలో 1-0తో ఓడింది. ఇంకో నాకౌట్ పోటీ అయిన లీగ్ కప్ సెమీఫైనల్లో మిడిల్స్‌బరో చేతిలో రెండు సార్లూ ఓడింది. యూరప్ క్లబ్‌ల ఛాంపియన్స్ లీగ్‌లో ఇంటర్ మిలాన్ వచ్చి ఆర్సెనల్ సొంత గడ్డ మీదే 3-0తో ఓడించి వెళ్లింది. ఒక్క మ్యాచ్‌తో తేలే కమ్యూనిటీ షీల్డ్ అయితే సీజన్ మొదలుకాకముందే పెనాల్టీల్లో పోయింది. అంటే ఆర్సెనల్ చేతిలో టైటిల్ ఉందనుకుంటే, ఒక రూల్ ప్రకారం అది ఏడాదంతా కదలదు. ఇంకో రూల్ ప్రకారం ఆగస్టులోనే చేయి జారిపోతుంది. మ్యాచ్‌లు అవే, మారింది మీ రూల్.

నా సలహా ఏమిటంటే, మొదటిసారి కడుతున్నవాళ్లు లీగ్ మ్యాచ్‌లు మాత్రమే తీసుకోండి. చేయి తిరిగాక ఎఫ్ఏ కప్ కలిపి రెండో గొలుసు (టైటిల్ చేతులు మారుతూ వచ్చిన వరుస) కట్టండి. యూరప్ మ్యాచ్‌లు మాత్రం వద్దు. టైటిల్ ఇంగ్లండ్ దాటిపోయి, మీరు వేరే దేశపు లీగ్ వెంట పడాల్సి వస్తుంది. కింద కట్టబోయే గొలుసులో మాంచెస్టర్ యునైటెడ్ హోల్డర్‌గా, అంటే టైటిల్ చేతిలో ఉన్న జట్టుగా, ఉన్న రోజుల్లోనే, 2020 డిసెంబర్ 2న పారిస్ సాన్ జర్మాన్ వాళ్లని 3-1తో ఓడించింది. యూరప్‌ని కలిపితే కథ ఆ రోజే ఫ్రాన్స్‌కి వెళ్లిపోయేది.

మిగతా రూల్స్‌కి ఒక్కో వాక్యం చాలు. అదనపు సమయంలో వచ్చిన ఫలితం చెల్లుతుంది. ఒకే పోటీని ఇంటా బయటా రెండు లెగ్‌లుగా ఆడితే ఏ లెగ్‌కి ఆ లెగ్ విడి మ్యాచ్. మధ్యలో ఆగిపోయిన మ్యాచ్ లెక్కలోకి రాదు, మళ్లీ ఆడిన రోజే దాని తేదీ. ఉదాహరణకి 2023 డిసెంబర్ 16న బోర్న్‌మత్, లూటన్ మ్యాచ్ ఆగిపోయి 2024 మార్చి 13న మొదటి నుంచి ఆడారు. షీట్‌లో ఉండాల్సింది మార్చి తేదీ. క్లబ్‌లకి పాయింట్ల కోత పడినా టైటిల్‌కి సంబంధం లేదు, ఎందుకంటే మైదానంలో ఫలితం మారలేదు.

పెనాల్టీ షూటౌట్ దగ్గర మాత్రం కాస్త ఆగి ఆలోచించండి. గణాంకాల్లో షూటౌట్ మ్యాచ్‌ని డ్రాగానే రాస్తారు. కానీ 2005 ఎఫ్ఏ కప్ ఫైనల్ 0-0గా ముగిసి, షూటౌట్‌లో 5-4తో ఆర్సెనల్ గెలిస్తే, కప్ ఎత్తింది ఆర్సెనలే, ఖాళీ చేతులతో వెళ్లింది మాంచెస్టర్ యునైటెడే. అసలు కప్పే షూటౌట్ మీద ఇస్తున్నప్పుడు మన టైటిల్ కూడా అలాగే చేతులు మారాలని నా అభిప్రాయం. కాదనుకుంటే డ్రా అనే రాసుకోండి, అదీ న్యాయమే.

హోల్డర్ కింది డివిజన్‌కి పడిపోతే? టైటిల్ కూడా వాళ్లతోనే వెళ్తుంది. లీగ్ మాత్రమే లెక్కిస్తే, దాన్ని పట్టుకున్న క్లబ్ ఏదో ఒకటి పైకి వచ్చేదాకా అది అక్కడే తిరుగుతుంది. ఎఫ్ఏ కప్‌ని కలిపితే పైకి రావడానికి ప్రతి జనవరిలో ఒక దారి దొరుకుతుంది. కొందరు ఏటా ఆగస్టులో టైటిల్‌ని అధికారిక ఛాంపియన్‌కి తిరిగి ఇచ్చేస్తారు. నాకది నచ్చదు. గొలుసు అందమంతా తెగకుండా రావడంలోనే ఉంది.

2. మొదలు ఎక్కడో తేల్చుకోండి

చరిత్ర అంతా కావాలంటే 1888 నుంచి మొదలుపెట్టొచ్చు. ఆ ఏడాది సెప్టెంబర్ 8న 12 క్లబ్‌లతో ఫుట్‌బాల్ లీగ్ మొదలైంది. ప్రెస్టన్ నార్త్ ఎండ్ 22 మ్యాచ్‌ల్లో 18 గెలిచి, 4 డ్రా చేసుకుని, ఒక్కటీ ఓడకుండా మొదటి ఛాంపియన్ అయింది. పైగా ఒక్క గోల్ కూడా ఇవ్వకుండా ఎఫ్ఏ కప్ గెలిచింది. మొదటి హోల్డర్‌గా ఇంతకంటే తగిన జట్టు దొరకదు. తర్వాతి సీజన్ మొదటి మ్యాచ్‌లో స్టోక్‌ని 10-0తో చిత్తుచేసిన ప్రెస్టన్‌ని అదే సెప్టెంబర్‌లో ఆస్టన్ విల్లా 5-3తో ఓడించింది. అక్కడి నుంచి విల్లా వెంట వెళ్లాలి.

మొదటి ప్రయత్నానికి అంత దూరం వద్దు. ఈమధ్యది ఏదో ఒక సీజన్ తీసుకుని, అంతకుముందు ఏడాది అధికారిక ఛాంపియన్‌తో మొదలుపెట్టండి. మొదలు తప్పుగా ఎంచుకున్నామేమో అని టెన్షన్ పడకండి. ఒకే రూల్స్‌తో ఇద్దరు వేర్వేరు క్లబ్‌ల దగ్గర మొదలుపెట్టారనుకోండి. ఆ రెండు గొలుసుల హోల్డర్లు ఎప్పుడైనా ఎదురుపడి ఒకరు గెలిస్తే, రెండు టైటిల్స్ ఆ ఒక్కరి చేతికే వస్తాయి. ఆ క్షణం నుంచి రెండు గొలుసులూ ఒకటే, మళ్లీ ఎన్నటికీ విడిపోవు. ఈ సంగతి అర్థమైనప్పటి నుంచి నాకు ఈ లెక్క మీద గౌరవం పెరిగింది.

3. షీట్ ఇలా గీయండి

ఏడు గడులు చాలు: వరుస సంఖ్య, తేదీ, మ్యాచ్‌కి ముందు హోల్డర్, ప్రత్యర్థి, ఎవరి మైదానం, స్కోరు, మ్యాచ్ తర్వాత హోల్డర్. ప్రతి వరుసలో మూడో గడి, పై వరుసలో చివరి గడితో అచ్చంగా కలవాలి. కలవకపోతే తప్పు అక్కడే ఉంది.

వరుస నింపాక చేయాల్సింది ఒక్కటే: హోల్డర్ ఎవరో వాళ్ల తర్వాతి మ్యాచ్ వెతకడం. కొత్తవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే. టైటిల్ చేతులు మారాక కూడా అలవాటుగా ఓడిన జట్టు మ్యాచ్‌లే చూస్తూ పోతారు. చేతులు మారిన ప్రతి వరుసకీ రంగు వేయండి, కన్ను దానంతట అదే ఆగుతుంది.

4. ఒక గొలుసు కలిసి కడదాం

2018-19 సీజన్‌ని మాంచెస్టర్ సిటీ 98 పాయింట్లతో గెలిచింది, లివర్‌పూల్‌కి 97. కాబట్టి సిటీతో మొదలు, లీగ్ మ్యాచ్‌లు మాత్రమే.

2019 ఆగస్టులో సిటీ వెస్ట్ హామ్‌ని 5-0తో ఓడించింది, టాటెన్‌హామ్‌తో 2-2 డ్రా చేసుకుంది, బోర్న్‌మత్, బ్రైటన్‌ల మీద గెలిచింది. నాలుగు మ్యాచ్‌లు, టైటిల్ కదల్లేదు. సెప్టెంబర్ 14న, ఆ సీజన్‌కే పైకి వచ్చిన నార్విచ్ 3-2తో దాన్ని లాగేసుకుంది. సరిగ్గా వారానికి, 21న బర్న్‌లీ 2-0తో నార్విచ్ దగ్గర తీసుకుంది. బర్న్‌లీ నుంచి అక్టోబర్ 19న లెస్టర్‌కి. ఇక్కడ గొలుసు వేడెక్కుతుంది. అక్టోబర్ 25న లెస్టర్ సౌతాంప్టన్ మైదానంలో 9-0తో గెలిచిన మ్యాచ్ అందరికీ గుర్తుంటుంది. మన షీట్‌లో అది టైటిల్ నిలుపుకున్న మొదటి మ్యాచ్. లెస్టర్ డిసెంబర్ దాకా పట్టు వదల్లేదు. 21న సిటీ 3-1తో వెనక్కి తీసుకుంది. 27న వుల్వ్స్ సిటీని 3-2తో, 29న లివర్‌పూల్ వుల్వ్స్‌ని 1-0తో ఓడించాయి. తొమ్మిది రోజుల్లో మూడు చేతులు.

లివర్‌పూల్ అప్పుడు ఓటమి ఎరగని జట్టు. ఎనిమిది మ్యాచ్‌లు టైటిల్ నిలుపుకుంది. 2020 ఫిబ్రవరి 29న వాట్‌ఫర్డ్ వాళ్లని 3-0తో ఓడించి, 44 లీగ్ మ్యాచ్‌ల అజేయ పరుగుకి తెర దించింది. వారానికే, మార్చి 7న క్రిస్టల్ ప్యాలెస్ 1-0తో వాట్‌ఫర్డ్ నుంచి తీసుకుంది. ఆ తర్వాత కోవిడ్‌తో ఆటలు ఆగిపోయాయి. ఆ మూడు నెలలూ ప్యాలెసే హోల్డర్. షీట్‌లో ఖాళీ వరుసలు పెట్టకండి, తర్వాతి మ్యాచ్ తేదీ జూన్ 20 అని రాస్తే సరిపోతుంది.

జూన్ 24న లివర్‌పూల్ ప్యాలెస్‌ని 4-0తో ఓడించింది. మర్నాడే అధికారిక లీగ్ టైటిల్ కూడా లివర్‌పూల్‌కే ఖాయమైంది. రెండు లెక్కలూ ఒకే క్లబ్ దగ్గర కలిసిన ఆ ముచ్చట ఎన్నాళ్లో లేదు. జూలై 2న సిటీ 4-0తో లివర్‌పూల్‌ని, 5న సౌతాంప్టన్ 1-0తో సిటీని ఓడించాయి. తొమ్మిది గోల్స్ తిన్న సౌతాంప్టన్ ఆ సీజన్‌ని మన హోల్డర్‌గా ముగించింది.

2020-21లో ప్యాలెస్ మొదటి రోజే, సెప్టెంబర్ 12న, సౌతాంప్టన్ నుంచి 1-0తో తీసుకుంది. 26న ఎవర్టన్‌కి. అక్టోబర్ 17న ఎవర్టన్, లివర్‌పూల్ 2-2 డ్రా. ఆ మ్యాచ్ చివర్లో లివర్‌పూల్ ఆటగాడు హెండర్సన్ కొట్టిన గోల్‌ని వీఏఆర్ (వీడియో రిఫరీ) కొట్టేయకపోతే టైటిల్ లివర్‌పూల్‌కి వెళ్లిపోయేది. 25న మళ్లీ సౌతాంప్టన్. నవంబర్ 29న సౌతాంప్టన్ 2-0 ఆధిక్యంలో ఉండగా, సబ్‌స్టిట్యూట్‌గా వచ్చిన కవానీ రెండు గోల్స్ కొట్టి మాంచెస్టర్ యునైటెడ్‌ని 3-2తో గెలిపించాడు. యునైటెడ్ వరసగా పది మ్యాచ్‌లు నిలుపుకున్నాక షెఫీల్డ్ వచ్చింది. జనవరి 30న సిటీ 1-0తో షెఫీల్డ్ నుంచి తీసుకుని, ఏడు మ్యాచ్‌లు వరసగా గెలిచి, మార్చి 7న సొంత మైదానంలో యునైటెడ్‌కి 2-0తో అప్పగించింది.

మే నెల చూడండి. 11న లెస్టర్ ఓల్డ్ ట్రాఫర్డ్‌లో యునైటెడ్‌ని 2-1తో ఓడించింది. 15న అదే లెస్టర్ చెల్సీని ఓడించి ఎఫ్ఏ కప్ ఎత్తింది, అది లీగ్ కాదు కాబట్టి మన షీట్‌లో లేదు. 18న చెల్సీ 2-1తో లెస్టర్ నుంచి మన టైటిల్ పట్టుకుపోయింది. 23న, చివరి రోజు, ఆస్టన్ విల్లా 2-1తో చెల్సీని ఓడించింది.

ఇక 2021 ఆగస్టు 14. విల్లాని 3-2తో ఓడించింది ఎవరో తెలుసా? వాట్‌ఫర్డ్. లివర్‌పూల్ నుంచి తీసుకుని వారమే ఉంచుకుని, ఆ వేసవిలో కింది డివిజన్‌కి పడిపోయి, ఏడాదికి తిరిగి పైకి వచ్చిన వాట్‌ఫర్డ్. వచ్చీ రాగానే మొదటి మ్యాచ్‌లోనే మళ్లీ హోల్డర్! ఈసారీ వారమే. 21న బ్రైటన్ 2-0తో వాట్‌ఫర్డ్ నుంచి, 28న ఎవర్టన్ 2-0తో బ్రైటన్ నుంచి తీసుకున్నాయి.

5. సరిచూసుకోండి

ఇక్కడ నేను డ్రాలు, నిలుపుకున్న మ్యాచ్‌లు చాలా వదిలేశాను. మీ షీట్‌లో అవన్నీ ఉండాలి. ఒక్క 2020-21 సీజన్‌కే మీకు 39 వరుసలు రావాలి, టైటిల్ పదిసార్లు చేతులు మారాలి. ఒక సీజన్‌లో ఉండే 380 మ్యాచ్‌ల్లో మన టైటిల్‌తో సంబంధం ఉన్నవి అంతే. వరుసలు తగ్గితే ఎక్కడో వారం మధ్యలో ఆడిన మ్యాచ్ వదిలేసి ఉంటారు. ఎక్కువైతే కప్ మ్యాచ్ ఏదో లోపలికి వచ్చింది.

6. ఎఫ్ఏ కప్ కలిపి రెండో గొలుసు

అదే షీట్‌ని కాపీ చేసుకుని ఎఫ్ఏ కప్ మ్యాచ్‌లు చేర్చండి. 2021 మార్చి 21 వరకు హోల్డర్ల వరుస మారదు. మాంచెస్టర్ యునైటెడ్ జనవరిలో వాట్‌ఫర్డ్, లివర్‌పూల్‌ల మీద కప్ మ్యాచ్‌లు రెండూ గెలిచింది. సిటీ కూడా తన వంతు వచ్చినప్పుడు స్వాన్సీ మీద గెలిచింది. మార్చి 21న క్వార్టర్‌ఫైనల్లో లెస్టర్ 3-1తో యునైటెడ్‌ని ఓడించడంతో దారులు చీలుతాయి. లెస్టర్ నుంచి ఏప్రిల్ 3న సిటీకి, వారానికి లీడ్స్‌కి. లీగ్ గొలుసులో అప్పటికింకా యునైటెడే హోల్డర్. ఏప్రిల్ 25న ఆ ఇద్దరు హోల్డర్లు, లీడ్స్, యునైటెడ్, ఎదురుపడ్డారు. 0-0. ఎవరిది వాళ్ల దగ్గరే.

లీగ్ కప్‌ని కూడా కలిపి, షూటౌట్‌ని గెలుపుగా తీసుకుంటే ఎంత తేడా వస్తుందో చూడండి. 2020 సెప్టెంబర్ 12న హోల్డర్ అయిన ప్యాలెస్, మూడు రోజులకే బోర్న్‌మత్‌తో 0-0 ఆడి షూటౌట్‌లో 11-10తో ఓడింది. బోర్న్‌మత్ అప్పటికే రెండో డివిజన్‌లో ఉంది. పైన చెప్పుకున్న 2020-21 కథంతా అక్కడే మాయమయ్యేది.

7. పాత కాలంలోకి వెళ్తే

పేర్ల దగ్గర జాగ్రత్త. న్యూటన్ హీత్ 1902లో మాంచెస్టర్ యునైటెడ్ అయింది, ఆర్డ్విక్ 1894లో మాంచెస్టర్ సిటీ అయింది, స్మాల్ హీత్ అంటే నేటి బర్మింగ్‌హామ్ సిటీ. పాత క్రిస్మస్ రోజుల్లో ఒకే ప్రత్యర్థితో 25న ఒకచోట, 26న ఇంకోచోట ఆడటం మామూలు. టైటిల్ పోయి మర్నాడే తిరిగి రావచ్చు, కాబట్టి తేదీల వరుస తప్పనివ్వకండి.

మొదటి ప్రపంచ యుద్ధంలో 1915 నుంచి 1919 దాకా లీగ్ లేదు. 1939-40 సీజన్ మూడు రౌండ్లు ఆడాక యుద్ధంతో ఆగిపోయింది, ఆ ఫలితాలని రికార్డుల్లోంచి తీసేశారు. మరి మన షీట్‌లో? ఆట జరిగింది, గెలుపోటములు తేలాయి, కాబట్టి నేనైతే ఉంచుతాను. ఒక క్లబ్‌నే తీసేస్తే? 1919 అక్టోబర్‌లో లీడ్స్ సిటీని లీగ్ నుంచి బహిష్కరించారు, అప్పటిదాకా ఆడిన ఎనిమిది మ్యాచ్‌ల రికార్డుతో సహా దాని స్థానం పోర్ట్ వేల్‌కి దక్కింది. ఇలా మాయమయ్యే క్లబ్ చేతిలో టైటిల్ ఉంటే, అది ఎవరి నుంచి తీసుకుందో వాళ్లకే తిరిగి ఇవ్వండి. స్థానం వారసత్వంగా రావచ్చు, టైటిల్ మాత్రం ఆడి గెలవాలి.

8. ఇక్కడి నుంచి లైవ్‌గా వెంటాడటం

ఇంగ్లండ్‌లో శనివారం మధ్యాహ్నం మూడింటి మ్యాచ్, శీతాకాలంలో మనకి రాత్రి ఎనిమిదిన్నరకి, వేసవిలో ఏడున్నరకి. మార్చి చివరి ఆదివారం, అక్టోబర్ చివరి ఆదివారం వాళ్ల గడియారాలు మారతాయి, అలారం సరిచేసుకోండి. వారం మధ్యలో రాత్రి మ్యాచ్‌లు మనకి అర్ధరాత్రి దాటాకే మొదలవుతాయి, అంటే మన క్యాలెండర్‌లో మర్నాడు. షీట్‌లో ఎప్పుడూ ఇంగ్లండ్ తేదీయే రాయండి. లేకపోతే వేరేవాళ్ల గొలుసుతో పోల్చేటప్పుడు ఒక రోజు తేడా వస్తూనే ఉంటుంది.

పైన మనం ఎవర్టన్ దగ్గర ఆగాం. వాళ్ల తర్వాతి లీగ్ మ్యాచ్ 2021 సెప్టెంబర్ 13, సోమవారం రాత్రి, బర్న్‌లీతో, సొంత మైదానంలో. మన గడియారం ప్రకారం అది 14వ తేదీ అయినా, 13 అనే రాయండి. ఎవర్టన్ 3-1తో గెలిచింది, కాబట్టి చివరి గడిలోనూ ఎవర్టనే. కింది వరుస నుంచి మీరు నింపండి.